తూర్పు తీరానికి కొత్త గ్యాస్ పైప్‌లైన్లు: గొట్టం ముందా, నిల్వ ముందా?

తూర్పుతీరం

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళం వరకు, అక్కడి నుంచి ఒడిశాలోని అంగుల్ వరకు సహజవాయువు పైప్‌లైన్ పూర్తయితే తూర్పు తీరమంతా ఒకే గ్రిడ్ కిందికి వస్తుందని చాలాకాలంగా వింటున్నాం. అంగుల్ దగ్గర ఈ మార్గం జగదీశ్‌పూర్–హల్దియా–బొకారో–ధామ్రా పైప్‌లైన్‌ను అందుకుంటుంది కాబట్టి, 2023లో ఒడిశా తీరంలో మొదలైన ధామ్రా ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా ఓడల్లో తెచ్చే సహజవాయువు) టెర్మినల్‌లో దిగిన గ్యాస్ మనవైపు రావడానికి, మన కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ అటువైపు పోవడానికి దారి ఏర్పడుతుంది. కాకినాడ–శ్రీకాకుళం మార్గానికి 2014లోనే అనుమతి దొరికినా, ఆ పని ఏళ్ల తరబడి నత్తనడకన సాగింది.

నా సందేహం వేరు. దేశంలో ఇప్పటికి 25 వేల కిలోమీటర్ల దాకా గ్యాస్ పైప్‌లైన్లు నడుస్తున్నాయి, ఇంకా వేల కిలోమీటర్లు వేస్తున్నారు. కానీ గ్యాస్‌ను భూగర్భంలో నిల్వ చేసుకునే కేంద్రం మాత్రం మనకు ఒక్కటి కూడా లేదు. మనం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల మీద వస్తున్నప్పుడు, నిల్వ ఊసే లేకుండా గొట్టాలు మాత్రమే పొడిగించుకుంటూ పోవడం సరైన క్రమమేనా? ఈ రంగం తెలిసినవారు, భూములు ఇచ్చినవారు, వ్యతిరేకించేవారు కూడా తమ అభిప్రాయం వివరంగా రాయాలని కోరుతున్నాను.

గొట్టపుదారి

తూర్పుతీరం గారు అవసరమైన ప్రశ్న వేశారు. పైప్‌లైన్ల నిర్వహణలోనే ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించినవాణ్ణి కాబట్టి గొట్టం వైపు సంగతి నేను చెబుతాను.

మన తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో డీ6 అనే గ్యాస్ నిక్షేపం 2002లో బయటపడింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. దానిని నమ్ముకునే కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు దాదాపు 1,400 కిలోమీటర్ల ఈస్ట్–వెస్ట్ పైప్‌లైన్ వేశారు. 48 అంగుళాల వ్యాసం; రోజుకు సుమారు 8 కోట్ల ఘనపు మీటర్లు మోయగల సామర్థ్యం. డీ6 ఉత్పత్తి 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరి, ఆ తరువాత ఏటికేడు పడిపోయింది. బావుల్లో పీడనం తగ్గింది, నీరు చొరబడింది. తగినన్ని బావులు తవ్వలేదన్న వాదన మీద ప్రభుత్వానికి, ఆ క్షేత్రాన్ని నడిపిన రిలయన్స్ సంస్థకు మధ్య పెద్ద వివాదమే నడిచింది. 2012 నాటికి, సుమారు 10 లక్షల కోట్ల ఘనపు అడుగులు అనుకున్న నిల్వల అంచనాను 3 లక్షల కోట్లకు కుదించారు. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి క్షేత్రాలు పూర్తిగా ఆగిపోయాయి. గొట్టం మాత్రం భూమిలో అలాగే ఉంది. దాని మీద పెట్టిన పెట్టుబడికి వడ్డీ కూడా ఆగలేదు.

అదే ఊపులో 2007లో కాకినాడ నుంచి హౌరాకు, విజయవాడ నుంచి నెల్లూరు మీదుగా చెన్నైకి, చెన్నై నుంచి మరో రెండు వైపులకు పైప్‌లైన్లకు అనుమతులు ఇచ్చారు. వాటిని వేయనేలేదు, 2012లో రద్దు చేశారు. ఈ రోజు శ్రీకాకుళం, అంగుల్ అని మనం మాట్లాడుకుంటున్న దారి కొత్త ఆలోచనేమీ కాదు; అప్పుడే వేసి ఉండవలసిన దారి అది.

అదే నిక్షేపం పరిధిలోని కొత్త క్షేత్రాలు, అంటే 2020 డిసెంబరులో ఆర్ క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం వరుసగా మొదలు కావడం వల్ల డీ6 ఉత్పత్తి మళ్ళీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల చుట్టుపక్కలకు వచ్చింది. లేకపోతే ఆ మహా గొట్టం గతి ఏమయ్యేదో ఊహించడానికే బాధగా ఉంటుంది. ఒకే మూలాన్ని నమ్ముకుని వేసిన గొట్టం, ఆ మూలం ఎండిపోతే ఇనుము మాత్రమే. అందుకే అంగుల్ దాకా కలపడాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను: రెండు చివరల నుంచీ గ్యాస్ రాగలిగితే, ఒక బావి అలసిపోయినా ఒక ఓడ ఆలస్యమైనా గొట్టం పని ఆగదు.

లెక్కలచిట్టా

గొట్టపుదారి గారి మాటకు డబ్బు సంగతి జోడిస్తాను. డీ6 గ్యాస్ వస్తుందన్న నమ్మకంతో గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో కట్టిన విద్యుత్ కేంద్రాల కథ గొట్టం కథ కన్నా బాధాకరమైనది. వేమగిరి దగ్గర కట్టిన 768 మెగావాట్ల ప్లాంటు సిద్ధమయ్యాక గ్యాస్ లేక ఏళ్లపాటు నిలిచిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కోసం తెప్పించిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలివెళ్ళాయి. దేశం మొత్తం మీద గ్యాస్ అందక చిక్కుకుపోయినవిగా ప్రభుత్వం గుర్తించిన ప్లాంట్ల సామర్థ్యం 14,305 మెగావాట్లు. 2015లో వాటి కోసం దిగుమతి గ్యాస్‌ను వేలంలో రాయితీతో ఇచ్చే పథకం పెట్టవలసి వచ్చింది. ఆ అప్పులు ఇచ్చింది ఎక్కువగా ప్రభుత్వ బ్యాంకులే. అంటే మన డిపాజిట్లే.

ఇక రవాణా రుసుము. ఇదివరకు గ్యాస్ మూడు పైప్‌లైన్లు దాటి వస్తే మూడింటికీ విడివిడిగా కట్టుకోవలసి వచ్చేది. తీరానికి దూరంగా ఉన్నవాడికి గ్యాస్ గిట్టుబాటయ్యేది కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత టారిఫ్ వచ్చింది. మూలం నుంచి 300 కిలోమీటర్ల లోపు, 300 నుంచి 1,200 వరకు, ఆపైన అని మూడు మండలాలుగా విభజించి, పది లక్షల బ్రిటిష్ ఉష్ణ యూనిట్లకు (గ్యాస్‌ను అది ఇచ్చే వేడిని బట్టి కొలిచే ప్రమాణం) సగటున 73.93 రూపాయలతో మొదలుపెట్టారు. తరువాత రేటును, మండలాల పద్ధతిని సవరించారు. దూర ప్రాంతాలకు ఇది న్యాయమే. అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా దాగి ఉంది. ఎక్కడో ఒక గొట్టం సగం ఖాళీగా నడిచినా దాని ఖర్చు అందరి రుసుములోకీ పాకుతుంది కాబట్టి, గిరాకీని జాగ్రత్తగా అంచనా కట్టి గొట్టం వేయాలన్న భయం వేసేవాడికి తగ్గుతుంది. నేను పైప్‌లైన్లకు వ్యతిరేకిని కాను. కొనేవాడి సంతకం ముందు, వెల్డింగ్ తరువాత అన్న క్రమం తప్పకూడదని మాత్రం అంటాను.

లంకతోట

మా ఊరు కోనసీమలో ఉంది. మీ చర్చలో భూమి ప్రస్తావన ఇంతవరకు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

గ్యాస్ గొట్టానికి భూమిని కొనరు. 1962 నాటి చట్టం కింద వినియోగ హక్కు మాత్రమే తీసుకుంటారు. పేరుకు భూమి రైతుదే. కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఇందుకు పంట నష్టం కాక చట్టం ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో పది శాతం. వరి పొలంలో అయితే పూడ్చిన తరువాత మళ్ళీ నాట్లు వేసుకోవచ్చు కాబట్టి ఏదో సర్దుకుంటాం. కొబ్బరి తోట సంగతి అది కాదు. చెట్టు కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది, వచ్చాక రెండు తరాలు కాస్తుంది. మా పెదనాన్న గారి తోటలో గొట్టం పోయిన పట్టీ ఇప్పటికీ దూరం నుంచి కనిపిస్తుంది: రెండు వైపులా మట్టలు కలిసిపోయి ఉంటే, మధ్యలో ఒక వీధి వెడల్పున ఆకాశం తెరిచి ఉంటుంది. ఆ పట్టీలో కంద వేస్తారు, పసుపు వేస్తారు. గుర్తు స్తంభం చుట్టూ దున్నకుండా వదిలేస్తారు. పరిహారం లెక్క కట్టినప్పుడు పట్టుకున్నది రిజిస్ట్రేషన్ విలువ. ఊళ్ళో భూమి అమ్ముడుపోయే ధర కాదు. అర్జీలు పెట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు, చివరికి ఇచ్చింది పుచ్చుకుని ఊరుకున్నారు.

దీనికి మించినది నగరం అనే ఊళ్ళో జరిగిన ప్రమాదం. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 18 అంగుళాల గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, తోటలు కాలిపోయాయి. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. అంతకుముందు 1995లో పాశర్లపూడి బావి మంటలు 65 రోజులు మండటం మా పెద్దవాళ్ళంతా చూశారు. కొత్త గొట్టాలు, కొత్త నిల్వలు అని మీరు రాస్తున్నప్పుడు, ఇదివరకే మా కాళ్ళ కింద ఉన్న పాత గొట్టాల సంగతి ఎవరు చూస్తున్నారన్నది నా ప్రశ్న.

గొట్టపుదారి

లంకతోట గారికి. మీ ప్రశ్నకు జవాబు చెప్పడం నా వృత్తి ధర్మం.

నగరం గొట్టం పొడి గ్యాస్ కోసం ఉద్దేశించినది. అందులో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలికపాటి నూనె) కలిసిన తడి గ్యాస్ ప్రవహించడం వల్ల గొట్టం అడుగు భాగం లోపలి నుంచి తుప్పు పట్టి పలచబడింది. బావి నుంచి వచ్చిన గ్యాస్‌లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. నీరు పల్లపు చోట్ల నిలిచి, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆమ్లంగా మారి ఉక్కును తింటుంది. అందుకే గ్యాస్‌ను గొట్టంలోకి పంపే ముందు గ్లైకాల్ యూనిట్‌లో నీటిని తీసేయాలి. ఆ యూనిట్ పెట్టకపోవడం, పెట్టాక నడపకపోవడం ఏ పేరుతోనైనా క్షమించరానివి.

గొట్టం లోపలి ఆరోగ్యం తెలుసుకోవడానికి పిగ్ అనే పరికరాన్ని గ్యాస్ ఒత్తిడితోనే ఒక చివర నుంచి మరో చివరకు తోస్తారు. అది చేరిన తరువాత రిసీవర్ తలుపు తెరిచే క్షణం నాకు ఎప్పుడూ గుండె దడగానే ఉండేది. బాగున్న గొట్టం నుంచి పిడికెడు పొడి దుమ్ము వస్తుంది. బాగాలేని గొట్టం నుంచి నల్లటి బురద వస్తుంది. తుప్పు, నీరు, కండెన్సేట్ కలిసిన ముద్ద. దానిని బకెట్లలోకి ఎత్తి తూకం వేసి, నమూనా సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపేవాళ్ళం. ఆ బురద పరిమాణం ప్రతిసారీ పెరుగుతోందంటే, ఎక్కడో నీరు లోపలికి వస్తోందని అర్థం. ఇక గోడ మందం కొలిచే తెలివైన పిగ్ వేరే ఉంటుంది, దానిని కొన్నేళ్లకు ఒకసారి తప్పనిసరిగా పంపాలి. పాత గొట్టాల్లో చాలావాటికి మలుపులు బిగువుగా ఉండటం వల్ల, వ్యాసం మధ్యలో మారడం వల్ల ఆ పిగ్ పోదు. అలాంటి గొట్టాన్ని మార్చడమే మందు.

కొత్త పైప్‌లైన్లకు ఖర్చు చేసే ప్రతి రూపాయికి ముందు పాత నెట్‌వర్క్ మార్పిడికి డబ్బు కేటాయించాలని లంకతోట గారు అడిగితే, నా ఓటు ఆయనకే.

పొరలకింద

నేను భూగర్భ శాస్త్రం చదివి రిజర్వాయర్ల మీద పనిచేస్తున్నాను. నిల్వ గురించి ఎవరూ మొదలుపెట్టలేదు కనుక మొదలుపెడతాను.

పంట కాలువ ఎంత పొడవు తవ్వినా చెరువు లేకపోతే వాన వచ్చిన నాడే నీరు. గ్యాస్ గ్రిడ్‌కు భూగర్భ నిల్వ ఆ చెరువు లాంటిది. గొట్టంలో ఉన్న గ్యాస్‌నే కొంత పీడనం పెంచి నిల్వగా వాడుకోవచ్చు, దానిని లైన్‌ప్యాక్ అంటారు. అది కొన్ని గంటలకు, మహా అయితే ఒక పూటకు ఆదుకుంటుంది. ఎల్‌ఎన్‌జీ టెర్మినల్‌లోని ట్యాంకులు మైనస్ 162 డిగ్రీల దగ్గర గ్యాస్‌ను 600 రెట్లు కుదించి ఉంచుతాయి. కానీ అవి తరువాతి ఓడ వచ్చేలోపు ఖాళీ కావలసినవి, కాబట్టి వాటి లెక్క రోజుల్లోనే ఉంటుంది. వారాలకు, నెలలకు సరిపడే నిల్వ కావాలంటే భూమి లోపలికి పోవాలి.

అందుకు మూడు దారులున్నాయి. గ్యాస్ తీసేసిన పాత క్షేత్రాలు, ఉప్పు నీటి పొరలు, ఉప్పు గుమ్మటాల్లో కరిగించి చేసిన గుహలు. ప్రపంచంలోని నిల్వ సామర్థ్యంలో అత్యధిక భాగం మొదటి రకానిదే; 1915లో కెనడాలోని ఒంటారియోలో మొదటి ప్రయత్నం కూడా పాత గ్యాస్ క్షేత్రంలోనే జరిగింది. కోట్ల సంవత్సరాలు గ్యాస్‌ను పట్టి ఉంచిన రాతి పొర మళ్ళీ పట్టి ఉంచగలదన్నది ఇందులోని తర్కం. మన దేశంలో మందమైన ఉప్పు పొరలు రాజస్థాన్ వైపు ఉన్నాయి, మన తీరంలో లేవు. కాబట్టి తూర్పు తీరానికి మిగిలిన దారి కృష్ణా–గోదావరి బేసిన్‌లో అలసిపోయిన క్షేత్రాలే.

ఖర్చులో పెద్ద భాగం బావులకు, కంప్రెసర్లకు అని అందరూ అనుకుంటారు. నిజానికి గుదిబండ కుషన్ గ్యాస్. పాత క్షేత్రంలో నిల్వ చేసిన గ్యాస్‌లో దాదాపు సగం పీడనం నిలబెట్టడానికి లోపలే ఉండిపోవాలి. దానిని తీసి అమ్ముకోలేము. దిగుమతి ధరకు కొన్న గ్యాస్‌ను అలా పాతిపెట్టడం ఏ వాణిజ్య సంస్థకూ ఇష్టం ఉండదు. అందుకే, ఒక క్షేత్రం పూర్తిగా ఎండిపోయే వరకు పిండకుండా, మిగిలిన గ్యాస్‌నే కుషన్‌గా వదిలి ముందుగానే నిల్వ కేంద్రంగా మార్చాలి. ఆ నిర్ణయానికి సమయం పరిమితం. బావులు మూసి సిమెంటు పోశాక మళ్ళీ తెరవడం కొత్తగా తవ్వినంత పని.

తూర్పుతీరం

పొరలకింద గారికి ధన్యవాదాలు. విశాఖలో ముడి చమురుకు, ఎల్‌పీజీకి భూగర్భ గుహలు ఉన్నాయి కదా, వాటిలాగే గ్యాస్‌కు తవ్వలేమా?

పొరలకింద

విశాఖలో 13.3 లక్షల టన్నుల ముడి చమురు వ్యూహాత్మక నిల్వ, 60 వేల టన్నుల ఎల్‌పీజీ గుహ రెండూ గట్టి రాతిలో తొలిచినవే. చమురు ద్రవం. ఎల్‌పీజీని కూడా కొద్ది పీడనంతో ద్రవంగా ఉంచవచ్చు, చుట్టూ రాతిలోని భూగర్భ జలం ఒత్తిడే దానిని కదలకుండా పట్టి ఉంచుతుంది. సహజవాయువు మామూలు ఉష్ణోగ్రతలో ఎంత నొక్కినా ద్రవం కాదు. లాభసాటిగా నిల్వ చేయాలంటే వంద బార్లు (మామూలు గాలి పీడనానికి సుమారు వంద రెట్లు), అంతకు పైన పీడనం కావాలి. ఆ పీడనాన్ని జలం ఒత్తిడితో ఆపాలంటే గుహను కిలోమీటరు లోతుకు దించాలి, లేదా లోపల ఉక్కు తొడుగు వేయాలి. స్వీడన్‌లో తొడుగు వేసిన గుహ ఒకటి ఉంది, కానీ అది చిన్నది. పెద్ద పరిమాణాలకు పాత క్షేత్రానికి సాటి వచ్చేది లేదు.

హ్యూస్టన్‌వాసి

నేను పుట్టింది పాలకొల్లు దగ్గర, ఉంటున్నది టెక్సాస్‌లో. గొట్టాలు, నిల్వలు రెండూ పుష్కలంగా ఉన్న చోట కూడా ఏమి జరగగలదో చూసినవాడిగా రెండు సంగతులు చెబుతాను.

2021 ఫిబ్రవరి చలి తుపానులో ఇక్కడ బావుల దగ్గరే నీరు గడ్డకట్టి గ్యాస్ ఉత్పత్తి సగానికి దగ్గరగా పడిపోయింది. గ్యాస్ లేక విద్యుత్ కేంద్రాలు ఆగాయి; విద్యుత్ కోతల్లో కొన్ని గ్యాస్ కంప్రెసర్లకు, శుద్ధి కేంద్రాలకు కూడా కరెంటు పోవడంతో మిగిలిన గ్యాస్ కూడా ఆగింది. 200 మందికి పైగా చనిపోయారు. అటువంటి వారంలో కొంతవరకైనా నిలబెట్టింది నిల్వలే: దక్షిణ మధ్య రాష్ట్రాల నిల్వల నుంచి ఆ వారం తోడినంత గ్యాస్ అంతకుముందు ఏ వారమూ తోడలేదు. కాబట్టి గొట్టం, నిల్వ, కరెంటు మూడింటినీ కలిపి ఆలోచించాలి. కంప్రెసర్ స్టేషన్లను విద్యుత్ కోతల జాబితా నుంచి తప్పించడం కాగితం మీద చిన్న పని, కానీ మరచిపోతే ప్రాణాలు పోతాయి.

రెండోది కాలిఫోర్నియాలోని అలీసో కాన్యన్. పాత చమురు క్షేత్రాన్ని గ్యాస్ నిల్వగా మార్చిన చోటు అది. 1953లో తవ్విన ఒక బావి గొట్టం తుప్పు పట్టి, 2015 అక్టోబరులో మొదలైన లీకు 2016 ఫిబ్రవరి దాకా ఆగలేదు. దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాలిలో కలిసింది, వేల కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్ళాయి. రాతి పొర ఏ తప్పూ చేయలేదు, మనిషి తవ్విన బావే పాడైంది. కోనసీమలో నిల్వ గురించి మాట్లాడే ముందు ఇది దృష్టిలో ఉంచుకోవాలి.

ఎండపలక

అందరినీ శ్రద్ధగా చదివాను. నా అభ్యంతరం మూలంలోనే ఉంది. ఇప్పుడు వేసే పైప్‌లైన్ పాతికేళ్ల లెక్కతో వేస్తారు. ఈ పాతికేళ్లలో రాయలసీమలో, తెలంగాణలో సౌర విద్యుత్తు, బ్యాటరీలు, నీటిని ఎత్తుకు తోడి కరెంటును దాచుకునే పంప్డ్ స్టోరేజీ ఎంత పెరుగుతాయో చూస్తున్నాం. మీథేన్ గాలిలో కలిస్తే ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, గొట్టాల్లో కొద్ది శాతం లీకు ఉన్నా గ్యాస్ శుభ్రమైనదన్న మాట నిలవదు. 2022లో ఆసియా మార్కెట్లో ఎల్‌ఎన్‌జీ ధర పది లక్షల బ్రిటిష్ ఉష్ణ యూనిట్లకు 70 డాలర్లు కూడా దాటినప్పుడు మనం కొనడం తగ్గించుకున్నాం. ఒప్పందం ఉన్న, అంతకుముందు రష్యా సంస్థకు చెందిన విభాగం కూడా ఆ ఏడాది మనకు రావలసిన ఓడలను ఆపేసింది. అలాంటి ఇంధనానికి ఊరూరా గొట్టాలు వేసి, మనల్ని మనమే దానికి కట్టేసుకోవడం ఎందుకు? 2030 నాటికి దేశ ఇంధనంలో గ్యాస్ వాటాను 15 శాతానికి చేర్చాలన్న లక్ష్యం పెట్టుకున్నాం, ఇంకా ఆరేడు శాతం దగ్గరే ఉన్నాం. ఆ లక్ష్యాన్నే తిరిగి చూడాలని నా విన్నపం.

లెక్కలచిట్టా

ఎండపలక గారు లేవనెత్తినది తోసిపుచ్చదగినది కాదు. కరెంటు కోసం గ్యాస్ అన్న వాదన బలహీనపడుతోందని నేనూ ఒప్పుకుంటాను. అయినా 2024 మే, జూన్ నెలల్లో ఎండల గిరాకీకి తట్టుకోవడానికి విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ కింద గ్యాస్ ప్లాంట్లను నడపమని కేంద్రం ఆదేశించవలసి వచ్చింది. పొద్దుగుంకిన తరువాతి గంటల్లో ఇప్పటికీ అవి అక్కరకు వస్తున్నాయి.

ఎరువుల సంగతి మాత్రం వేరు. యూరియాకు గ్యాస్ ఇంధనమే కాదు, ముడి సరుకు కూడా. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థానంలో ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా చేసే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టగలిగిందంటే, ఆంధ్రప్రదేశ్‌లోని కుంచనపల్లి నుంచి రామగుండం దాకా 360 కిలోమీటర్లకు పైగా గొట్టం వేయబట్టే. ఆ గొట్టం నిజానికి మల్లవరం నుంచి మధ్యప్రదేశ్ మీదుగా రాజస్థాన్‌లోని భిల్వాడా దాకా వెళ్ళవలసిన పెద్ద మార్గంలో మొదటి ముక్క. 2011లో అనుమతి పొందిన ఆ మార్గంలో మిగిలినది కాగితం మీదే ఉండిపోయింది. కొనేవాడు ఖాయంగా ఉన్న ముక్క పూర్తయింది, లేని ముక్క ఆగింది. నా మొదటి టపాలో సంతకం గురించి రాసింది ఇందుకే. సౌర విద్యుత్తుతో నీటి నుంచి తీసిన హరిత హైడ్రోజన్‌తో యూరియా చేసే రోజు కూడా వస్తుంది, కానీ ఖరీఫ్‌లో రైతు వరుసలో నిలబడేది ఈ ఏటి బస్తా కోసం.

నిల్వ కూడా ఈ కోణం నుంచే చూడాలి. ఐరోపాలో శీతాకాలం ఇళ్లు వెచ్చబెట్టడానికి నిల్వ కావాలి. 2022లో రష్యా గ్యాస్ తగ్గినప్పుడు నవంబరు నాటికి 80 శాతం నింపాలని అక్కడ చట్టమే చేశారు. మనకు చలికాలపు గిరాకీ లేదు. మనకు కావలసినది ఓడ రాని నెలలో ఎరువుల కర్మాగారాలు, ఊళ్ళలోని వంట గ్యాస్ గొట్టాలు, సీఎన్‌జీ బంకులు ఆగకుండా చూసేంత నిల్వ. అది దేశ భద్రత ఖర్చు కాబట్టి, విశాఖ చమురు నిల్వలాగే ప్రభుత్వమే కుషన్ గ్యాస్ కొని పెట్టాలి. రవాణా రుసుములో కలిపి వినియోగదారుడి మీద వేయకూడదు.

లంకతోట

పొరలకింద గారూ, సూటిగా అడుగుతున్నాను. అలసిపోయిన క్షేత్రాలు అంటే మా ఊళ్ళ కిందివే కదా. తాటిపాక, పాశర్లపూడి, కేశనపల్లి చుట్టూ ఎన్నో పాత బావులు ఉన్నాయి. గ్యాస్ తీసినందుకు నేల కుంగుతోందని, ఉప్పునీరు లోపలికి వస్తోందని మావాళ్ళు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఇప్పుడు మళ్ళీ లోపలికి నింపుతామంటే, హ్యూస్టన్‌వాసి గారు చెప్పిన కాలిఫోర్నియా సంగతి మాకు జరగదన్న హామీ ఎవరిస్తారు?

పొరలకింద

లంకతోట గారూ, కోనసీమ ఊళ్ళ కింద నిల్వ పెట్టాలని నేను అనను. జనం ఇంత దట్టంగా ఉన్న చోట, ఇన్ని పాత బావులు గుచ్చిన పొరలో, మొదటి నిల్వ కేంద్రం పెట్టడం సాంకేతికంగా కూడా తెలివైన పని కాదు. అలీసో కాన్యన్‌లో పాడైనది బావి కాబట్టి, ఎంపికలో మొదటి కొలమానం బావుల సంఖ్య, వాటి వయసు. తక్కువ బావులు, చక్కని సిమెంటు రికార్డులు, కొలిచిన పీడన చరిత్ర ఉన్న క్షేత్రం కావాలి. తీరానికి అవతల లోతు తక్కువ సముద్రంలో ఉన్న క్షేత్రాలు ముందు పరిశీలించాలి. అక్కడ ఖర్చు ఎక్కువే, కానీ ఇళ్లు లేవు, గాడిమొగ, మల్లవరం, ఓడలరేవు టెర్మినళ్ల రూపంలో తీరానికి గొట్టాలు ఇప్పటికే ఉన్నాయి. ఏ క్షేత్రమైనా సరే, నింపే పీడనం ఆ పొరలో మొదట ఉన్న పీడనాన్ని దాటకూడదు, ప్రతి పాత బావినీ తెరిచి గోడ మందం కొలవాలి, బావి గొట్టానికి ఒకటి కాక రెండు అడ్డుకట్టలు ఉండాలి. ఈ మూడూ పాటించలేని చోట నిల్వ వద్దు.

నేల కుంగుదల గురించి మీరు అడిగినదానికి జవాబు కొలతల్లోనే ఉంది. ఉపగ్రహ రాడార్‌తో నేల ఎత్తులో సెంటీమీటరు కంటే తక్కువ మార్పును కూడా ఏటేటా పట్టుకోవచ్చు. ఆ కొలతలను గ్రామాల వారీగా తెలుగులో ప్రకటించడానికి ఏ అభ్యంతరమూ ఉండకూడదు.

గొట్టపుదారి

లంకతోట గారు ఊరి తరఫున అడగదగినవి నా వైపు నుంచి కూడా రాస్తాను, గ్రామసభలో పనికొస్తాయి. మీ ఊరి గుండా పోయే గొట్టం ఏ జనసాంద్రత తరగతి కింద నమోదై ఉందో ముందు అడగండి. నిబంధనల ప్రకారం జనం పలచగా ఉన్న మొదటి తరగతిలో మూసివేత వాల్వుల మధ్య దూరం 32 కిలోమీటర్ల దాకా ఉండవచ్చు; తరగతి పెరిగేకొద్దీ అది 24, 16, 8 కిలోమీటర్లకు తగ్గాలి. గొట్టం వేసిన నాటికి తోటలే ఉండి, ఇప్పుడు ఇళ్లు వచ్చిన ఊళ్ళలో తరగతి మారాలి. చాలాచోట్ల మార్చకపోతే ఎవరూ అడగరు. గోడ మందం కొలిచే పిగ్ చివరిసారి ఏ ఏడాదిలో పోయింది, అందులో ఎన్ని చోట్ల మందం తగ్గినట్టు తేలింది, వాటిలో ఎన్ని సరిచేశారు అన్నవి లిఖితపూర్వకంగా అడగండి. పిగ్ పోలేని గొట్టమైతే మార్చే తేదీ అడగండి. కొత్త మార్గానికి ప్రజాభిప్రాయం కోరినప్పుడు పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలికి కూడా ఇవే ప్రశ్నలు పంపవచ్చు.

లంకతోట

మాస్టారూ, రాసుకున్నాను. మా గుర్తు స్తంభం మీద ఉన్న కిలోమీటరు సంఖ్యతో సహా అర్జీ తయారు చేస్తాను. తరగతి సంగతి మా ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ తెలియదు.